నీటి కింద ఊపిరి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠంలాంటి వ్యాసం రాయమని అడిగినప్పుడు మేము ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. మాలో ఒకరిది జనగామ, ఒకరిది మహబూబాబాద్, ఇంకొకరిది భూపాలపల్లి. మేము చదువుకున్న రోజుల్లో ఈ మూడూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. 2016 అక్టోబర్ 11న మూడూ వేర్వేరు జిల్లాలకు కేంద్రాలయ్యాయి గానీ మా స్నేహం మాత్రం వేరు పడలేదు. ఈరోజు మాలో ఒకరు బడి పంతులు, ఒకరు రైల్వే ఉద్యోగి, ఒకరు బొగ్గు గని కార్మికుడు. ఇంటర్‌లో ఒకే హాస్టల్, ఒకే గది, వరుసగా నాలుగు ట్రంకు పెట్టెలు.

ముగ్గురికి నాలుగు పెట్టెలెందుకు అని మీరు అడగవచ్చు. అప్పుడు మేము నలుగురం. ఈ వ్యాసం ఆ నాలుగోవాడి కోసం రాస్తున్నాం.

విషయం స్కూబా డైవింగ్, అంటే గాలి సీసా వీపుకు కట్టుకుని సముద్రంలో మునిగి పగడపు దిబ్బలను చూసి రావడం. సముద్రం లేని జిల్లాల పిల్లలకు ఈ పాఠం దేనికి అనుకోకండి. నీటికీ ఊపిరికీ మధ్య ఉన్న లెక్క సముద్రానికి ఎంతో, మన ఊరి చెరువుకూ అంతే.

నాలుగోవాడు

1999 దసరా సెలవుల్లో మేము ముగ్గురం అతని ఊరికి వెళ్లాం. ఆ ఏడు చెరువు నిండుగా ఉంది. మా నలుగురిలో బాగా ఈత వచ్చినవాడు అతనే. చిన్నప్పుడు ఎండు సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని బావిలో నేర్చుకున్నాడట. ఆ మధ్యాహ్నం నీళ్లలో ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబడతారో పందెం పెట్టుకున్నాం. మేము ముప్పై, నలభై అంకెలకే తేలాం. అతను మునిగే ముందు గబగబా పది పదిహేను సార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు. "వంద లెక్కపెట్టుండ్రి" అని మునిగాడు.

మేము వంద లెక్కపెట్టాం. "గెలిచిండురా" అని చప్పట్లు కొట్టాం. నూట ఇరవై దాకా లెక్కపెడుతూనే ఉన్నాం.

ఆ తర్వాత సంగతి రాయలేం. ఊళ్లో పెద్దవాళ్లు గంగమ్మ పట్టుకున్నదన్నారు. మర్రి కింది దయ్యం కాళ్లు గుంజిందన్నారు. ఇంత ఈత వచ్చినవాడు, నడుము లోతు దాటని చోట, చేతులు కొట్టకుండా, కేక వేయకుండా ఎట్లా పోయాడో మాకు అర్థం కాలేదు. సైన్సు చదువుకుంటున్న మేము కూడా దయ్యం మాటనే సగం నమ్మాం. జవాబు దొరకడానికి మాకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. అది దొరికిన చోటు మన చెరువుకు చాలా దూరం, అండమాన్ దీవులు. అక్కడికి వెళ్లే ముందు కొంచెం భౌతికశాస్త్రం చదువుకుందాం.

నీటి బరువు

మన చుట్టూ ఉన్న గాలికి బరువుంది. సముద్ర మట్టం వద్ద ఆ గాలి మన మీద వేసే ఒత్తిడిని ఒక అట్మాస్ఫియర్ అంటాం. కొండ ఎక్కేకొద్దీ ఇది తగ్గుతుంది. దాదాపు 5,500 మీటర్ల ఎత్తుకు పోతే సగం అవుతుంది. 2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కారని మీకందరికీ తెలుసు. ఆ శిఖరం మీద గాలి ఒత్తిడి ఇక్కడున్నదానిలో మూడో వంతు మాత్రమే. అందుకే అక్కడ ఆక్సిజన్ సీసాలు కావాలి.

నీటిలో ఇది తలకిందులు. నీరు గాలి కంటే ఎన్నో వందల రెట్లు బరువు. కేవలం 10 మీటర్ల లోతుకు పోతే చాలు, ఒత్తిడి రెండింతలవుతుంది. 20 మీటర్లకు మూడింతలు, 30 మీటర్లకు నాలుగింతలు. కొండ మీద వేల మీటర్లకు వచ్చే మార్పు నీటిలో ఒక తాటిచెట్టు లోతులోనే వచ్చేస్తుంది.

చిన్నప్పుడు మనలో చాలామంది బొప్పాయి ఆకు కాడ నోట్లో పెట్టుకుని, రెండో కొన నీటి పైన ఉంచి, మునిగి ఊపిరి పీల్చిన వాళ్లమే. ఒక జానెడు లోతులో అది పనిచేస్తుంది. మీటరు లోతులో చేయదు. కాడ పొడవు చాలక కాదు. మీటరు లోతులో ప్రతి చదరపు సెంటీమీటరు మీద 100 గ్రాముల చొప్పున నీటి బరువు పడుతుంది. మన ఛాతీ ముందు భాగం సుమారు 900 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే 90 కిలోలు. దాదాపు ఒక వడ్ల బస్తా ఛాతీ మీద పెట్టుకుని, పైనుంచి మామూలు గాలి పీల్చబోతే రొమ్ము లేస్తుందా? లేవదు. కాబట్టి లోతులో ఊపిరి పీల్చాలంటే ఆ లోతులో ఎంత ఒత్తిడి ఉందో అంతే ఒత్తిడితో గాలిని నోటికి అందించాలి. స్కూబా రహస్యమంతా ఈ ఒక్క వాక్యమే.

బొగ్గు బావి నుంచి సముద్రం దాకా

భూపాలపల్లి పిల్లలకు ఈ భాగం ప్రత్యేకంగా నచ్చుతుంది. ఎందుకంటే నీటి కింద ఊపిరి చరిత్ర, బొగ్గు గనిలో ఊపిరి చరిత్ర అన్నదమ్ముల్లాంటివి.

1878లో హెన్రీ ఫ్లూస్ అనే ఇంగ్లీషు ఆయన, వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును రసాయనంతో పీల్చేసి, ఆక్సిజన్ కలిపి మళ్లీ వాడుకునే సంచి తయారు చేశాడు. 1880లో సెవెర్న్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగం నీటితో నిండినప్పుడు అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవర్ ఆ సంచి తగిలించుకుని, చీకటి నీటిలో దాదాపు వెయ్యి అడుగులు నడిచి లోపలి ఇనుప తలుపు మూసి వచ్చాడు. ఆ తర్వాత ఇటువంటి పరికరాలనే బొగ్గు గనుల్లో పొగ, విషవాయువులు నిండినప్పుడు రక్షణ దళాలు వాడాయి. ఇవాళ్టికీ గనుల రక్షణ కేంద్రాల్లో వీపున తగిలించుకునే శ్వాస యంత్రాలు ఉంటాయి. మా గని మిత్రుడికి అవి కొత్త కావు.

జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త గనిలోని వాయువులను పరిశోధించి, ప్రమాదం ముందే తెలుసుకోవడానికి చిన్న పిట్టలను లోపలికి తీసుకుపొమ్మన్నాడు. పిట్ట సొమ్మసిల్లితే మనిషి వెనక్కి రావాలి. అదే హాల్డేన్ 1908లో డైవర్లు లోతు నుంచి ఎంత నెమ్మదిగా, ఎక్కడెక్కడ ఆగుతూ పైకి రావాలో పట్టికలు తయారు చేశాడు. ఆ పరీక్షలు మేకల మీద చేశాడు.

ఆయన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ కూడా పెద్ద శాస్త్రవేత్తే. జలాంతర్గాముల్లో చిక్కుకున్నవారి ప్రాణాలు కాపాడే మార్గం కనుక్కోవడానికి ఒత్తిడి గదిలో తన శరీరం మీదే ప్రయోగాలు చేసుకున్నాడు. 1957లో భారతదేశం వచ్చి, తర్వాత మన పౌరుడయ్యాడు. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. ఊపిరి గురించి ప్రాణానికి తెగించి పరిశోధించిన మనిషి చివరికి తెలుగు గడ్డ మీద పాఠమై మిగిలాడు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని మా కోరిక.

ఇక 1943లో ఫ్రాన్సులో జాక్ కుస్తో అనే నావికాదళ అధికారి, ఎమీల్ గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి ఆక్వాలంగ్ తయారు చేశారు. గాన్యాన్ అప్పటికే యుద్ధకాలంలో పెట్రోలు దొరకక గ్యాసుతో నడిపే కార్లకు ఒక కవాటం రూపొందించాడు. పీల్చినప్పుడే, పీల్చినంతే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానంగా గాలి వదిలేలా దాన్నే మార్చారు. దాంతో పైనుంచి గొట్టం అవసరం లేకుండా మనిషి చేపలా తిరగగలిగాడు. స్కూబా అనే మాట "సెల్ఫ్ కంటెయిన్డ్ అండర్‌వాటర్ బ్రీతింగ్ అపారటస్" అనే పేరులోని మొదటి అక్షరాల కూర్పు. నీటి కింద ఊపిరికి ఎవరికి వారే మోసుకుపోయే సాధనం అని అర్థం.

సీసాలో ఎంత గాలి?

చాలామంది అది ఆక్సిజన్ సీసా అనుకుంటారు. కాదు. అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే. దాదాపు 21 శాతం ఆక్సిజన్, మిగిలిందంతా ఎక్కువగా నత్రజని. ఆ గాలిని వడపోసి గట్టిగా కుదించి నింపుతారు.

ఒక లెక్క చేద్దాం. సీసా 12 లీటర్లది, గాలిని 200 రెట్లు కుదించి నింపారు. అంటే 12 × 200 = 2,400 లీటర్ల గాలి. నాలుగో వంతు, అంటే 600 లీటర్లు, ఆపదకు అట్టిపెట్టుకోవాలి. వాడుకోగలిగేది 1,800 లీటర్లు. నీటి పైన మనిషి నిమిషానికి సుమారు 20 లీటర్లు పీలుస్తాడనుకుంటే 90 నిమిషాలు వస్తుంది. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెండింతలు గనుక గాలి రెండింతలు ఖర్చవుతుంది, 45 నిమిషాలే. 20 మీటర్లలో 30 నిమిషాలు. భయపడి గబగబా పీల్చేవాడికి ఇంకా తక్కువ. అందుకే డైవింగ్‌లో మొదటి విద్య నిదానం.

1662లో రాబర్ట్ బాయిల్ చెప్పిన సూత్రం తొమ్మిదో, పదో తరగతిలో బట్టీ పట్టి ఉంటారు. ఒత్తిడి పెరిగితే వాయువు ఘనపరిమాణం తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే పెరుగుతుంది. 10 మీటర్ల లోతులో ఒకడు ఊపిరితిత్తుల నిండా నాలుగు లీటర్ల గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చేశాడనుకోండి. పైకి వచ్చేసరికి ఆ నాలుగు లీటర్లు ఎనిమిది కావాలి. ఛాతీలో చోటు లేదు. ఊపిరితిత్తి చిరుగుతుంది. అందుకే స్కూబాలో మొదటి ఆజ్ఞ ఒక్కటే: ఎప్పుడూ ఊపిరి బిగబట్టవద్దు.

రెండో ప్రమాదం నత్రజని. ఒత్తిడిలో పీల్చిన నత్రజని రక్తంలో, కండరాల్లో ఎక్కువగా కరుగుతుంది. గోలీసోడా గుర్తు తెచ్చుకోండి. గోలీ బిగిసి ఉన్నంతసేపు నీళ్లు తేటగా ఉంటాయి. గోలీ నొక్కగానే ఒత్తిడి తగ్గి బుస్సుమని బుడగలు లేస్తాయి. లోతు నుంచి తొందరగా పైకి వస్తే రక్తంలో జరిగేదీ అదే. కీళ్ల నొప్పులు, ఒక్కోసారి పక్షవాతం, మరణం కూడా. అందుకే నిమిషానికి 9 మీటర్లు మించకుండా పైకి రావాలి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. డైవింగ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు, ఒక్క మునకకైనా కనీసం 12 గంటలు ఆగాలి.

అండమాన్‌లో రక్షిత దీవులు

మన తూర్పు తీరం నుంచి బంగాళాఖాతంలో దాదాపు 1,200 కిలోమీటర్ల దూరంలో అండమాన్ దీవులున్నాయి. రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని మార్చారు. అక్కడి జనాభాలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 2011 లెక్కల ప్రకారం సుమారు 13 శాతం. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కింద వలస వెళ్లిన కష్టజీవుల సంతానం. బజారులో, పడవ దగ్గర, టీ కొట్టు దగ్గర తెలుగు వినబడుతుంది.

శ్రీ విజయపురానికి 30 కిలోమీటర్ల దూరంలో వండూర్ అనే చోట మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కు ఉంది. 1983లో ఏర్పడింది. 281.5 చదరపు కిలోమీటర్లు, అందులో 15 దీవులు, వాటి మధ్య సముద్రం కూడా రక్షిత ప్రాంతమే. మన పాకాల అభయారణ్యంలో చెట్టుకూ జంతువుకూ రక్షణ ఉన్నట్టే అక్కడ పగడానికీ చేపకూ రక్షణ. హేవ్‌లాక్ వైపు 1996లో రాణీ ఝాన్సీ మెరైన్ నేషనల్ పార్కు కూడా ఏర్పాటు చేశారు.

వండూర్ పార్కులో యాత్రికులను జాలీ బాయ్, రెడ్ స్కిన్ అనే దీవులకు అటవీ శాఖ అనుమతితో తీసుకుపోతారు. రెండింటినీ ఒకేసారి తెరవరు. ఒకటి తెరిచినప్పుడు రెండోదానికి విశ్రాంతి. మన రైతులు భూమిని ఒక కారు బీడు పెట్టినట్టు! పడవ ఎక్కే ముందే ప్లాస్టిక్ సంచులు, పొట్లాలు తీసేసుకుంటారు. నీళ్ల సీసాకు కూడా పైకం కట్టించుకుని, తిరిగి తెచ్చి చూపిస్తేనే వెనక్కి ఇస్తారు. అక్కడ ఎక్కువగా గాజు అడుగున్న పడవలోంచి, లేదా ముఖానికి అద్దం పెట్టుకుని నీటి పైన తేలుతూ పగడాలను చూస్తారు. స్కూబా మునకలు ఎక్కువగా హేవ్‌లాక్, నీల్, నార్త్ బే దీవుల వద్ద జరుగుతాయి. హేవ్‌లాక్‌కు 2018 డిసెంబర్ నుంచి స్వరాజ్ ద్వీప్ అని పేరు.

పగడం రాయి కాదు, చెట్టూ కాదు. అది జంతువు. పాలిప్ అనే చిన్న చిన్న జీవులు వేలకు వేలు కలిసి సున్నపు గూళ్లు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనిపించని శైవలాలు కాపురముంటాయి. శైవలాలు ఎండతో ఆహారం తయారు చేసి పగడానికి పెడతాయి. పగడం వాటికి ఇల్లు ఇస్తుంది. సముద్రపు నీరు మామూలు వేసవి వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అట్లాగే ఉంటే ఈ పొత్తు చెడుతుంది. శైవలాలు వెళ్లిపోయి పగడం తెల్లగా పాలిపోతుంది. త్వరగా చల్లబడకపోతే ఆకలితో చస్తుంది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో అండమాన్ పగడాలు ఇలా దెబ్బతిన్నాయి. 2004 డిసెంబర్ 26 భూకంపంలో ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి, నీటిలో ఉండాల్సిన పగడాలు ఎండకు బయటపడి చనిపోయాయి. పగడాలు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల వరకే పెరుగుతాయి. మన కాలు తగిలి విరిగిన కొమ్మ మళ్లీ రావడానికి ఒక విద్యార్థి బడి చదువంత కాలం పట్టవచ్చు. 2001 నుంచి పగడాలకు వన్యప్రాణి రక్షణ చట్టం కింద పులితో సమానమైన రక్షణ ఉంది. ముక్క తెచ్చుకున్నా నేరమే.

ఇంకో సంగతి. సముద్రం వేడెక్కి పగడాలకు ప్రమాదం రాబోతోందని హెచ్చరించే సంస్థ ఎక్కడుందో తెలుసా? సముద్రమే లేని మన హైదరాబాద్‌లో! ఇన్‌కాయిస్ అనే ఆ కేంద్ర ప్రభుత్వ సంస్థే 2007 నుంచి సునామీ హెచ్చరికలు కూడా ఇస్తోంది. సముద్ర శాస్త్రం చదవాలంటే తీరంలోనే పుట్టనక్కరలేదు.

మేము మునిగిన రోజు

2023 ఫిబ్రవరిలో, ఏళ్ల తరబడి చీటీ కట్టి దాచిన డబ్బుతో మేము ముగ్గురం అండమాన్ వెళ్లాం. హేవ్‌లాక్‌లో మొదటిసారి మునిగేవారికి శిక్షకుడి చేయి పట్టుకుని 12 మీటర్లు దాటకుండా తీసుకుపోయే ఏర్పాటు ఉంది. ముందుగా ఒక కాగితం ఇచ్చి ఉబ్బసం, గుండె జబ్బు, చెవి జబ్బు ఉన్నాయా అని అడిగారు. ఉన్నవారిని వైద్యుడు సరేననకుండా దింపరు. కాగితంలో అబద్ధం రాస్తే ప్రాణం మీదికి వస్తుందని శిక్షకుడు గట్టిగా చెప్పాడు.

ఆ శిక్షకుడు తెలుగు అబ్బాయి. "మీదే ఊరు తమ్ముడూ?" అంటే, "తాతలది శ్రీకాకుళం దగ్గర అన్నా. నేను పుట్టింది ఇక్కడే" అన్నాడు. మోకాలి లోతు నీళ్లలో గంటసేపు అభ్యాసం చేయించాడు. ముక్కు మూసుకుని మెల్లగా ఊది చెవుల ఒత్తిడి సరిచేసుకోవడం, నోట్లోని గొట్టం ఊడితే మళ్లీ పెట్టుకోవడం, సైగలు. నీటి కింద బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని కాదు, "పైకి పోదాం" అని. బాగుంది అనడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

గని మిత్రుడు నాలుగు మీటర్ల దగ్గరే ఆగిపోయాడు. చెవులు తెరుచుకోలేదు. పైకి వచ్చేశాడు. "రోజూ గనిలోకి దిగేటోన్ని, ఇక్కడ ఓడిపోయిన" అని నవ్వాడు గానీ, శిక్షకుడు మాత్రం అతన్నే మెచ్చుకున్నాడు. నొప్పి ఉన్నా పంతానికి దిగినవాడి చెవి పొర చిరుగుతుందట. ఆగడం తెలిసినవాడే మంచి డైవర్ అన్నాడు.

మేమిద్దరం పది మీటర్ల దాకా పోయాం. లోపల మొదట వినబడింది మా ఊపిరే. లోతుకు పోయేకొద్దీ ఎరుపు రంగు మాయమై అంతా నీలం. అద్దంలోంచి చేపలు ఉన్నదానికంటే పెద్దగా, దగ్గరగా కనబడ్డాయి. నీటిలో కాంతి వంగడం వల్ల అంతే అని తరువాత గుర్తొచ్చింది. పగడాల మధ్య చారల చేపలు మందలు మందలుగా తిరుగుతున్నాయి. ఒకచోట పగడం పచ్చగా బతికి ఉంది, ఆ పక్కనే పాత తెల్లటి శకలాలు, బొందలగడ్డ లాగా. చూస్తూ చూస్తూ ఒక క్షణం ఆశ్చర్యంతో మాలో ఒకరు ఊపిరి బిగబట్టారు. శిక్షకుడు వెంటనే ముఖం ముందుకు వచ్చి, చేత్తో ఊదమని సైగ చేశాడు.

పడవలోకి వచ్చాక మేము అతనికి మా నాలుగోవాడి సంగతి చెప్పాం. గబగబా ఊపిరి పీల్చి వదిలాడని చెప్పగానే అతను తల పట్టుకున్నాడు. "అదే అన్నా. అదే చంపేది" అన్నాడు.

దయ్యం కాదు

అతను చెప్పింది, తరువాత మేము వైద్యులను అడిగి తెలుసుకున్నది ఇది. శ్రద్ధగా చదవండి.

ఊపిరి బిగబట్టినప్పుడు "ఇక పీల్చు" అని తొందరపెట్టేది ఆక్సిజన్ తగ్గడం కాదు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరగడం. అది మన ఒంట్లోని గంట. మునిగే ముందు గబగబా పీల్చి వదిలితే ఆక్సిజన్ పెద్దగా పెరగదు, ఎందుకంటే రక్తంలో అది మామూలుగానే దాదాపు నిండుగా ఉంటుంది. కానీ బొగ్గుపులుసు వాయువు బాగా తగ్గిపోతుంది. అంటే గంట నాలుకను మనమే పీకేసినట్టు. నీటి కింద హాయిగా ఉన్నట్టు ఉంటుంది. ఈలోగా ఆక్సిజన్ అయిపోతుంది. గంట మోగకముందే మెదడు ఆరిపోతుంది. మనిషి స్పృహ తప్పుతాడు. కేక ఉండదు, కొట్టుకోవడం ఉండదు. స్పృహ లేని మనిషి నీటిలో ఊపిరి తీసుకుంటాడు. అంతే.

ఇది లోతులోనే కాదు, నడుము లోతులోనూ జరుగుతుంది. ఈత రానివాడికి కాదు, బాగా వచ్చినవాడికే ఎక్కువగా జరుగుతుంది. మా మిత్రుడు చనిపోయింది అందుకేనని ఇప్పుడు ఎవరూ పరీక్ష చేసి చెప్పలేరు. కానీ మేము కళ్లారా చూసినదంతా దీనికే సరిపోతున్నది. దయ్యం లేదు. మేము లెక్కపెట్టిన వంద ఉంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! నీటి కింద ఊపిరి పందెం పెట్టకండి. ఎవరైనా పెడితే ఆపండి. పిరికివాళ్లు అన్నా పడండి.

ఒడ్డు మీద ఉన్నవాళ్లు ఏం చేయాలి?

1. మునిగేవాడు సినిమాలో లాగా అరవడు. నోరు నీటి మట్టానికి వచ్చి పోతుంటుంది, తల వెనక్కి వాలుతుంది, మాట రాదు. నిశ్శబ్దంగా ఉన్నాడంటేనే అనుమానించండి.

2. వెంటనే దూకవద్దు. ఒకరి కోసం ఇద్దరు, ముగ్గురు పోయిన ఊళ్లు మనకు తెలుసు. కేక వేసి పెద్దవాళ్లను పిలవండి. కట్టె అందించండి. తాడు, చీర, చున్నీ, దుప్పటి విసరండి. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా, ట్యూబు ఏదైనా తేలేది వేయండి.

3. బయటికి తీశాక కాళ్లు పట్టి గిరగిర తిప్పడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం చేయవద్దు. దానివల్ల సమయం పోతుంది, కక్కిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

4. 108కు ఫోన్ చేయించండి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి నోటితో ఊపిరి ఊదండి. మునిగినవాడికి ముందు కావాల్సింది గాలి. తర్వాత రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కండి. 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదండి. సాయం వచ్చేదాకా ఆపకండి.

ఇవి చదివితే రావు. ఏడాదికి ఒక ఆదివారం ఆరోగ్య సిబ్బందిని పిలిపించి చేసి చూపించమని మీ వార్డెన్ సారును, మేడమును అడగండి. జులై 25 ప్రపంచ నీటమునక నివారణ దినం. 2021లో మొదటిసారి జరిపిన అదే రోజున మన రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. కాబట్టి ఆ తేదీ మనం మరిచిపోలేం.

మన నీళ్లు, మన బాధ్యత

మనది చెరువుల సీమ. పాకాల, లక్నవరం, రామప్ప, ఘనపురం, బయ్యారం. అన్నీ కాకతీయుల కాలం నాటివి. లక్నవరం నీటి మధ్యలో దీవులున్నాయి. మేడారం జాతరకు జంపన్న వాగు ఒడ్డున కాపలా ఉండే గజ ఈతగాళ్లు మన మత్స్యకారులే. వాళ్ల దగ్గర గాలి సీసా లేదు, తరాల అనుభవం ఉంది. వాళ్ల దగ్గర ఈత నేర్చుకోవడం నామోషీ కాదు.

జాలీ బాయ్ దీవికి ఇచ్చే మర్యాదలో పదో వంతు మన చెరువులకు ఇద్దాం. వెంట తీసుకుపోయిన కవరు వెంట తీసుకువద్దాం. బతుకమ్మ సాగనంపే నీళ్లలో ప్లాస్టిక్ ఎందుకు?

మన గురుకులాల పిల్లలు ఎవరెస్టు ఎక్కారు. ఎత్తు చూసిన మన పిల్లలు లోతు కూడా చూడాలి. ఇన్‌కాయిస్‌లో శాస్త్రవేత్తగానో, పగడాలను లెక్కించే పరిశోధకురాలిగానో, రక్షణ దళంలో డైవర్‌గానో మీలో ఒకరు ఈ సంచికలో రాసే రోజు రావాలి.

హాస్టల్ వదిలే రోజున ఆ నాలుగో పెట్టెను మేమే మోసుకుపోయి వాళ్ల అమ్మకు అప్పగించాం. అండమాన్ నుంచి వచ్చాక మళ్లీ వెళ్లి, దయ్యం కాదమ్మా, ఇట్లా జరిగింది అని చెప్పాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "గా ముచ్చట పిల్లలందరికీ చెప్పుండ్రి బిడ్డా" అన్నది. అందుకే ఈ పాఠం.

ఆలోచించండి, చేసి చూడండి

1. 12 లీటర్ల సీసాలో 200 అట్మాస్ఫియర్ల గాలి ఉంది. నాలుగో వంతు అట్టిపెట్టి, నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు 30 మీటర్ల లోతులో ఎంతసేపు ఉండగలడు?

2. నీటి పైన 12 లీటర్లున్న గాలి బుడ్డ 10, 20, 30 మీటర్ల లోతుల్లో ఎన్ని లీటర్లు అవుతుంది?

3. గోలీసోడాకు, డైవర్ నెమ్మదిగా పైకి రావడానికి ఉన్న సంబంధాన్ని మీ తమ్ముడికో చెల్లెలికో మీ మాటల్లో చెప్పండి.

4. మీ ఊరి చెరువులో, బావిలో, క్వారీ గుంతలో ప్రమాదకరమైన చోట్లు ఏవో పెద్దలను అడిగి పటం గీసి, హాస్టల్ నోటీసు బోర్డు మీద పెట్టండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ ముగ్గురు అన్నలు